జంఖానా ఎవరింట్లో ఉండాలి

నారాయణఖేడ్,
8 మార్చి 2025, శనివారం.

అక్క లీలమ్మకు, తమ్ముడు కాలేబు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాయునది.

నేను క్షేమం. మల్కాజిగిరిలో నువ్వు పనికి కుదిరిన ఇంట్లో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఆ ముసలామె విజయమ్మ తుంటి ఎముక జల్దీ అతుక్కోవాలని రోజూ మోకాళ్ళ మీద అడుగుతున్నాను. ఆమె మీద ప్రేమతో కాదు, అబద్ధమెందుకు. ఆమె లేచి నడిస్తేనే నువ్వు ఈస్టరుకు ఇల్లు చేరతావు.

ఫోను చేయలేదని కోపగించుకోకు. ఈ శ్రమల దినాలన్నీ ఫోను ముట్టనని తీర్మానం చేసుకుని, దాన్ని నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. కొందరు మాంసం మానతారు, కొందరు చాయ మానతారు. నేను లోకపు గోల మానాను. పూర్వం భక్తులు ఉత్తరాలు రాసే సంఘాలను నిలబెట్టారు. నేనూ రాస్తాను.

ఇక అసలు సంగతి. నీ పిల్లి నన్ను సంఘం ముందు తల ఎత్తుకోనీయడం లేదు.

నిన్న శుక్రవారం ఉపవాస కూడిక మనింట్లోనే కదా. ప్రభువు పాదాల మీద ఆ స్త్రీ అత్తరు పోయగా ఇల్లంతా పరిమళించిన భాగం ఎత్తుకున్నాను. సగం దాకా రాగానే ఆడవాళ్ళంతా కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. ఆత్మ పనిచేస్తోంది, వీళ్ళు పశ్చాత్తాపంతో ఏడుస్తున్నారనుకున్నాను. గొంతు పెంచాను. "ఏడువుండ్రి! ఇంకా ఏడువుండ్రి! గీ సువాసన మీ గుండెల దాకా పోవాలె!" అన్నాను.

వెనక నుంచి మన పక్కింటి అక్కమ్మ లేచింది. "గుండెల దాకా పోయింది కాలేబన్నా. ఇగ కిటికీ తెరువు. మీ పిల్లి జంఖానా మీద ఉచ్చ పోసింది" అంది.

నవ్వారక్కా. నా ప్రసంగంలో నవ్వారు. పిల్లి కూడికలకు పరిచే ఆ జంఖానా మూల వాసన చూస్తూ, తోక లేపి నిలబడి ఉంది. ఫినాయిల్ సీసా మొత్తం కుమ్మరించాను. ముత్యాలను పందుల ముందు వేయవద్దని వాక్యం ఉంది గానీ, పిల్లికి ముత్యం అని పేరు పెట్టమని ఏ అధ్యాయంలో ఉంది?

వీళ్ళే బుధవారం పీటరు ఇంటి కూడికలో కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టారట. మోటారు సైకిళ్ళు బాగుచేసే ఆ పిల్లగాడికి ప్రార్థన ఎట్లా మొదలుపెట్టాలో నేర్పింది నేను. ఇప్పుడు కీబోర్డు కొన్నాడు. సౌలు వేలమందిని, దావీదు పదివేల మందిని కూల్చారని ఆడవాళ్ళు పాడితే సౌలు కడుపులో ఏమైందో నాకిప్పుడు బాగా తెలుస్తోంది.

తిండికి ఇబ్బంది లేదు. అక్కమ్మ పుంటికూర పప్పు పంపుతోంది. చాలా రుచిగా ఉంటోంది.

ఒక్క మాట అడుగుతాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి ఏమన్నావు? "ముత్యం పైలం. అది లేకపోతే గా ఇంట్ల నాకేమున్నది?" అన్నావు. నేను అక్కడే నిలబడి ఉన్నానక్కా. నీ సంచి ఎక్కించింది నేనే.

నీ తమ్ముడు,
కాలేబు


మల్కాజిగిరి,
13 మార్చి 2025.

తమ్మీ కాలేబూ, దీవెనలు.

ముత్యం తింటోందా? పాలు గోరువెచ్చగా పోస్తున్నావా? మచ్చలున్న చెవి వెనక గోకితే నిద్రపోతుంది, గుర్తుందా? నువ్వు బాగున్నావని నీ ఉత్తరంలో ఉన్న కోపం చూస్తేనే తెలిసింది.

ఫోను ఎందుకు పెట్టెలో పెట్టావో నాకు తెలియదనుకోకు. గ్రూపులో పీటరు పాటలు వస్తుంటే నువ్వు చూడలేకపోయావు. దానికి ఉపవాసమని పేరు పెట్టావు. కానీ నీ చేతిరాత చూసి చాలా ఏళ్ళయింది, దాచుకున్నాను.

ఫినాయిల్ పోయకు. పిల్లికి అది విషం. బ్లీచింగ్ కూడా వద్దు, ఆ ఘాటు ఉచ్చ ఘాటులాగే ఉండి మళ్ళీ అక్కడికే రప్పిస్తుందట. విజయమ్మగారికి రెండు పిల్లులున్నాయి, ఆమె చెప్పింది. ముందు చల్లనీళ్ళతో కడుగు. తర్వాత సిర్కాలో, అదే వెనిగర్‌లో, సగం నీళ్ళు కలిపి తడుపు, ఆరాక తినే సోడా చల్లి దులుపు, ఎండలో వెయ్యి. మూలకు ఒక తొట్టిలో ఇసుక పెట్టు. ఒకసారి పశువుల దవాఖానకు తీసుకపో. ఉచ్చలో మంట ఉన్నా గిట్లనే చేస్తాయట. అది చెప్పుకోలేని ప్రాణి, కొట్టకు.

ఇక్కడి పిల్లులు మెత్తల మీద పడుకుంటాయి. విజయమ్మగారు వాటితో మాట్లాడినంత మర్యాదగా నాతో కూడా మాట్లాడుతుంది.

నాకు తోచిన మాట. పీటరుకు పిల్లి ఉంది, వానికి వాటి సంగతి తెలుసు. వాణ్ణి అడుగు. జంఖానా కూడా కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉండనీ. మంగళవారం నువ్వు సైకిలు మీద వాళ్ళింటికి మోయడం, బేస్తవారం మళ్ళీ మోసుకురావడం, ఈ వయసులో ఎందుకు?

అక్కమ్మ పప్పు రుచిగా ఉందని రాశావు. నా పప్పు ఇన్నేళ్ళు తిన్నావు, ఒక్కనాడు అనలేదు.

లీల


నారాయణఖేడ్,
22 మార్చి 2025, శనివారం.

అక్కా, వందనాలు.

నువ్వు రాసినవన్నీ చేశాను. సిర్కా పోశాను. ఇప్పుడు ఇల్లు మామిడికాయ తొక్కు జాడీలాగుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినామె "ఏం తొక్కు పెట్టినవ్ అన్నా, జర మాకు గూడ ఇయ్యి" అని అడిగింది.

తొట్టిలో ఇసుక పెట్టాను. నీ పిల్లి మహారాణిలాగా పోయి, గుంట తవ్వి, కూర్చుని, కప్పిపెట్టి వచ్చింది. నా కళ్ళతో చూశాను. అయినా శుక్రవారం జంఖానా పరవగానే పరుగున వచ్చి మూలమూలా వాసన చూసి, గుర్రుమని, అందరి ముందే దాని మీద పోసింది. తర్వాత వెళ్ళి, నేను ప్రసంగానికి వేసుకునే తెల్ల లాల్చీ మీద పోసింది. సరైన స్థలం తెలిసి కూడా తప్పు స్థలంలో చేయడాన్ని ఏమంటారు? బుద్ధిపూర్వక పాపమంటారు. దానికి క్షమాపణ కష్టం.

పశువుల దవాఖానకూ తీసుకుపోయాను. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "దీనికి రోగం లేదు పెద్దమనిషీ, రోషమున్నది. ఇంట్లకు ఇంకో పిల్లి వస్తున్నదా?" అన్నాడు. మా ఇంట్లోకి వేరే పిల్లి గడప దాటదు, నేనుండగా దాటనివ్వను అన్నాను. ఆయన నా ముఖం అదోలా చూశాడు.

పీటరును అడగాలా? నా ఇంట్లో వాసన ఎట్లా పోగొట్టాలో వాడు చెప్పాలా? జంఖానా వాడింట్లో ఉంచాలా? నీకు తెలియదక్కా. జంఖానా ఎవరింట్లో ఉంటే సంఘం ఆ ఇంటిది. మందసం వేరేవాళ్ళ ఊళ్ళో ఉన్నంతకాలం ఇశ్రాయేలీయులకు నిద్ర పట్టిందా? సైకిలు క్యారియర్ మీద గట్టిగా చుట్టి, తాడు కట్టి, నేనే తెస్తాను. గుండె ఆగితే ఆగనీ.

నిన్నటి కూడికకు జనం సగం కూడా రాలేదు. వచ్చినవాళ్ళు గడపలో కూర్చున్నారు. అక్కమ్మ చెప్పింది, మిగతావాళ్ళు "గీ వాసనకంటే పీటరింట్ల కూసుంటం" అన్నారట. పిల్లి ఉచ్చతో నా పరిచర్య కొట్టుకుపోతోంది.

నీ ఉత్తరం మొదటి మూడు వరసలూ పిల్లికే రాశావు. లెక్కపెట్టడం లేదు, కనబడింది, రాశాను. మెత్తల మీద పడుకునే ఆ పట్నం పిల్లుల దగ్గర నువ్వు మాత్రం చాప మీదేనా? అదైనా చెప్పు.

కాలేబు


మల్కాజిగిరి,
27 మార్చి 2025.

తమ్మీ, దీవెనలు.

నాకు మంచమే ఇచ్చారు. ఫ్యాను కింద. విజయమ్మగారు మొన్న "లీలా, నాకు నయమైనా నువ్వు ఇక్కడే ఉండిపోవద్దా?" అని అడిగింది. ఈస్టరుకు ఊరికి పోవాలమ్మా, ముత్యం ఎదురుచూస్తది అన్నాను.

ఒక సంగతి నీకు చెప్పలేదు. చెబితే ఇల్లు పీకి పందిరి వేస్తావని చెప్పలేదు. పీటరింట్లో గుండు అనే గండు పిల్లి ఉంది కదా. అది ముత్యానికి తోడపుట్టిందే. మన రేకుల కింద పిల్లి ఈనినప్పుడు రెండే బతికాయి. ఒక్కటే ఉంచుకో అన్నావు నువ్వు. రెండోదాన్ని ఏ మోరీలో పారేయను? పీటరు వచ్చి అడిగాడు, ఒడిలో పెట్టి ఇచ్చాను. వాడు దాన్ని బిడ్డలాగా సాకాడు. నిన్ను కాదని వాడికి ఇచ్చానని అనుకోకు. ప్రాణం బతకాలని ఇచ్చాను.

అందుకే వాణ్ణి అడుగు అన్నాను. ఇప్పుడైనా అడుగు.

నేను వచ్చేసరికి ముత్యం ఉండాలి. ఇంకేం కోరను.

లీల


నారాయణఖేడ్,
31 మార్చి 2025.

అక్కా, వందనాలు.

ఇల్లు ఇప్పుడు చాలా బాగుంది. గోడలకు సున్నం వేశాను. నేల మూడుసార్లు కడిగాను. ఎక్కడా వాసన లేదు. అక్కమ్మ కూడా లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చి "గిది మీ ఇల్లేనా?" అంది. ఎండలు ముదిరాయి. ఈ ఏడు మామిడి బాగా కాసిందట. నీ కోసం లేతనీలం బ్లౌజు కుట్టి పెట్టాను.

పీటరుకు నా ఇంటి నుంచి ఏమేం పోయాయో ఇప్పుడు తెలుస్తోంది. ప్రార్థన పోయింది, జనం పోయారు, పిల్లి కూడా పోయింది, అదీ మా అక్క ఒడిలోంచే పోయింది. సరే. దేవుడు చూస్తున్నాడు.

మిగతా అందరం క్షేమం. తొందరగా రా.

కాలేబు


మల్కాజిగిరి,
5 ఏప్రిల్ 2025.

కాలేబూ,

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరంలో సున్నం ఉంది, మామిడికాయలున్నాయి, బ్లౌజు ఉంది. ముత్యం లేదు. అక్కమ్మకు ఫోను చేశాను. చెప్పకూడదని ఒట్టు పెట్టావట, అయినా ఏడ్చుకుంటూ చెప్పింది. దశరథ్ ఆటోలో గోనెసంచిలో వేసి కంగ్టికి పంపావా? "గోదాములల్ల ఎలుకలు మస్తుంటయి, సుఖంగ బతుకుతది" అన్నావా? సుఖంగా బతికే ప్రాణిని సంచి మూతి కట్టి పంపుతారా?

నువ్వు నాకు రాయని మాట నేను రాస్తాను. నీకు వాసన మీద కోపం కాదు. గుండు దాని తోడపుట్టిందని నేను రాసిన ఉత్తరం చేరిన తెల్లారే దాన్ని పంపావు. పీటరు మీది కోపం పీటరు మీద చూపే ధైర్యం లేక, పిల్లి మీద చూపావు.

విజయమ్మగారికి ఉంటానని చెప్పేస్తాను. ఈస్టరుకు రాను. వచ్చి ఎవరి ముఖం చూడాలి? నీకు జంఖానా ఉందిగా. దాన్ని చూసుకుంటూ కూర్చో.

లీలమ్మ


నారాయణఖేడ్,
5 ఏప్రిల్ 2025, శనివారం.

అక్కా,

నీ దగ్గర నుంచి ఇంకా జవాబు రాలేదు. రాకముందే ఇది రాస్తున్నాను. నువ్వు ఇంకెవరి నోటి నుంచైనా వినకముందే.

ముత్యం ఇంట్లో లేదు. పోయిన శనివారం కంగ్టికి పంపాను. ఎట్లా పంపానో రాయలేను.

నిన్న శుక్రవారం. ఇల్లు కడిగిన పళ్ళెంలాగా ఉంది. పిల్లి లేదు. ఇవాళ సువాసన భాగం మళ్ళీ మొదటి నుంచి చెబుతాననుకున్నాను. అందరూ వచ్చారు, లోపలికే వచ్చారు. తాడు విప్పి జంఖానా పరిచాను.

గుప్పుమంది.

పిల్లి లేని ఇంట్లో పిల్లి ఉచ్చ వాసన. తడి ఇంకా ఆరలేదు, మూల దగ్గర పసుపు మరక. ఎవరూ నవ్వలేదు. అక్కమ్మ మాత్రం మెల్లగా, "పాపం, గది పోయలేదు కాలేబన్నా" అంది.

జంఖానా బేస్తవారం నేను పీటరింటి నుంచి తెచ్చిందే. ప్రతి వారం తెచ్చిందే. ఆ గండు పిల్లి అక్కడ పోస్తుంటే నేను దాన్ని గట్టిగా చుట్టి, తాడు కట్టి, సైకిలు తొక్కుకుంటూ మోసుకొచ్చి, ముత్యం ముందు పరిచాను. అది వాసన చూసి "నా ఇంట్లకు ఎవడు వచ్చిండు?" అని తన గుర్తు తాను పెట్టింది. మంగళవారం నేనే దాన్ని మళ్ళీ మోసుకుపోయి ఆ గండు ముందు పరిచాను. మనం పోస్టులో రాసుకుంటున్నాం, అవి జంఖానా మీద రాసుకున్నాయి. టపా మోసినవాణ్ణి నేను.

డాక్టరు అడిగాడు. పీటరును అడగమని నువ్వు రాశావు. సహోదరుడి కంట్లో నలుసు చూసేవాడి కంట్లో దూలముంటుందని వెయ్యిసార్లు చెప్పాను. నా దూలం ముక్కులో ఉంది.

నిన్న ప్రసంగం చెప్పలేదు. ఒక పాట పాడి పంపేశాను.

కాలేబు


నారాయణఖేడ్,
14 ఏప్రిల్ 2025, సోమవారం.

అక్కా,

నీ ఉత్తరం అందింది. అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు. ధైర్యం లేదన్న మాట కింద వేలు పెట్టి మళ్ళీ చదివాను.

చదివి నేరుగా పీటరు షెడ్డుకు పోయాను. ఏదో బండి కింద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"సైకిల్ ఖరాబైందా పెద్దయ్యా?"

"సైకిల్ మంచిగనే ఉన్నది. కంగ్టి పోవాలె. నీ బండి మీద."

వెంటనే చేతులు కడుక్కున్నాడు. బండి ఎక్కాక నేనే అడిగాను, మీ గుండు జంఖానా మీద పోస్తున్నట్టు నీకు తెలుసా అని.

"తెలుసు పెద్దయ్యా. చెప్పాలనే ఉన్న. మీరు నన్ను మాట్లాడనిస్తరా? బేస్తవారం పొద్దుగాల్నే వస్తరు, వందనాలంటే గూడ పలుకరు, జంఖానా గుంజుకపోతరు. ఒకసారి 'జర ఆగుండ్రి, కడిగి ఇస్త' అన్న. 'నా జంఖానా కడిగెటోనివి అయినవా నువ్వు?' అన్నరు."

అన్నానక్కా. గుర్తుంది.

దశరథ్ చెప్పిన కందుల గోదాముకు పోయాం. ముత్యం బస్తాల మీద కూర్చుని ఉంది. బక్కచిక్కలేదు. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. గోదాము యజమాని గురులింగప్ప ఒప్పుకోలేదు. "వారం దినాల్ల ఎలుకలన్నీ సాఫ్ జేసింది. ఇదు నమ్మ బెక్కు. మా పిల్లి ఇది. నువ్వు పారేసినవ్, నేను పాలు పోసిన. ఇగ పో" అన్నాడు.

నేను ఎప్పుడూ వాక్యం వెతుక్కోను, అదే నోటికి వస్తుంది. ఆ రోజూ వచ్చింది. బిడ్డ కోసం ఇద్దరు తల్లులు కొట్లాడిన తీర్పు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. సొలొమోను రాజు దగ్గరికి పోతే పిల్లి గురులింగప్పకే దక్కుతుంది.

బుట్టలో పరవడానికని నీ పాత నీలం చీర తీసుకుపోయాను. ఏం చేయాలో తోచక దాన్ని అక్కడే నేల మీద పరిచాను. ముత్యం బస్తా దిగింది. నా కాళ్ళు దాటిపోయింది. చీర అంచు నుంచి అంచు దాకా వాసన చూసి, మధ్యలో గుండ్రంగా చుట్టుకుని పడుకుంది. మచ్చలున్న చెవి కనబడేట్టు పడుకుంది.

గురులింగప్ప వంగి చీర అంచు పట్టుకున్నాడు. "చీర ఎవరిది?" అన్నాడు.

"మా అక్కది."

"అయితే గామెకు ఇయ్యి. నీకు కాదు, గామెకు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బుట్ట మా ఇద్దరి మధ్య ఉంది. పీటరు ఒంటి మీద గుండు వాసన ఉంది కదా, ముత్యం వాడి వీపు చూసి దారి పొడుగునా గుర్రుమంటూనే ఉంది. నిజం చెప్పనా? ఆ గుర్రు వింటే నా కడుపు చల్లబడింది. ఇంట్లో నా పక్షాన ఒకరైనా ఉన్నారనిపించింది. సిర్గాపూర్ దారి మలుపు దాకా అట్లాగే సంతోషపడ్డాను. తర్వాత బుట్ట మీద చెయ్యి వేసి "ఊకో ముత్యం, మనల్ని మోస్తున్నది గీయన బండే" అన్నాను. అది దానికి చెప్పానో నాకు చెప్పుకున్నానో తెలియదు. పీటరు విన్నాడు. ఏమీ అనలేదు. వాడిలో నాకు నచ్చనిది అదే, ఏమీ అనడు.

జంఖానా వాళ్ళింట్లోనే వదిలేశాను. గుండుకు పశువుల దవాఖానలో ఆపరేషన్ చేయిస్తానన్నాడు. మన శుక్రవారానికి నేను దుకాణంలో మిగిలిన కట్‌పీసులన్నీ కలిపి పెద్ద బొంత కుట్టాను. రంగురంగులది. కుడుతూ ఉంటే రంగుల అంగీ తొడుక్కున్న తమ్ముణ్ణి గుంటలో పడేసిన అన్నలు గుర్తొచ్చారు. ఆ బొంత మీద ముత్యం ఇప్పటిదాకా ఏమీ చేయలేదు.

గుడ్‌ఫ్రైడే రోజు సిలువ మీద పలికిన ఏడు మాటలూ ప్రతి ఏడూ నేనే చెప్పేవాణ్ణి. ఈసారి మూడు పీటరుకు ఇచ్చాను. నాలుగు నాకే.

నువ్వు రానంటే రావద్దు. రమ్మనే ముఖం నాకు లేదు. కానీ ముత్యం గడపలో కూర్చుని రోడ్డు చూస్తోంది. బస్సు చప్పుడైతే లేస్తోంది. నేనూ దాని పక్కనే కూర్చుంటున్నాను. కొంచెం దూరంగా. దగ్గరికి రానివ్వడం లేదు.

తమ్ముడు,
కాలేబు


మల్కాజిగిరి,
16 ఏప్రిల్ 2025.

తమ్మీ, దీవెనలు.

నా పాత చీర నువ్వు బుట్టలో పెట్టుకుని పోయావా! మూడు మాటలు ఇచ్చావా! నీ చేతి నుంచి మూడంటే అది పదివేలతో సమానం. నాలుగో మాట కూడా ఇచ్చేస్తావేమోనని పీటరు భయపడుతున్నాడట, అక్కమ్మ చెప్పింది. అక్కమ్మ ఇంకోటి కూడా చెప్పింది. నేను లేనప్పుడు రోజూ సాయంత్రం నువ్వు గిన్నె ఇచ్చేటప్పుడు "మా అక్క పప్పు ఇట్లుండదు" అనేవాడివట. అది ఏ అర్థంతో అన్నావో అడగమంది. వచ్చి అడుగుతాను.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగుతాను. విజయమ్మగారు కర్ర పట్టుకుని నడుస్తోంది, అలిగింది. ఆమె పిల్లులు నా సంచి మీద ఎక్కి పడుకుంటున్నాయి, దిగడం లేదు.

అందుకే ఉన్న చీరలన్నీ సిర్కా నీళ్ళలో ముంచి, పిండి, మేడ మీద ఎండలో ఆరేశాను. సంచి కూడా ఉతికాను. ఇక్కడి పిల్లుల వాసన ఒక్క పోగుకు కూడా ఉండకుండా వస్తాను. లేకపోతే ముత్యం నన్ను గడపలోనే పట్టుకుని వాసన చూసి, ఎవరింట్లో ఉండొచ్చావని అడుగుతుంది.

దాని పక్కనే కూర్చుంటున్నానని రాశావు కదా. నువ్వూ అడుగుతావు.

మీ లీల